హ్యూకెరా కుండీ మార్చడం: పీకల్లోతు మట్టి, తల మాత్రం బయట

అమెరికాలో కాస్త నీడ పడే డెక్ (ఇంటిని ఆనుకుని ఉండే చెక్క అరుగు) ఉన్న ఇళ్ళల్లో ఏదో ఒక మూల ఈ మొక్క కనిపిస్తూ ఉంటుంది. నర్సరీ ట్యాగు మీద కోరల్ బెల్స్ అనో హ్యూకెరా అనో రాసి ఉంటుంది. సన్నటి కాడ మీద చిట్టి గంటల్లాంటి పూలు పూస్తుంది కానీ, దీన్ని ఎక్కువమంది పెంచేది ఆకు కోసం. వంకాయ రంగు, ఇటుక రంగు, నిమ్మపండు పసుపు, బెల్లంపాకం రంగు, ఎన్నో ఉన్నాయి.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు, డెక్ మీద ముదురు ఊదారంగు 'ప్యాలెస్ పర్పుల్' చూసి, "ఏమే, ఎర్ర తోటకూర కుండీలో వేశావా? కోసుకోకుండా ముదరబెట్టావేం?" అంది. ఇది కూర కాదమ్మా అన్నాను. "తల్లో పెట్టుకోడానికి పనికిరాదు, కూరకి పనికిరాదు, మరి ఎందుకే దీనికింత సేవ?"

నిజానికి పెద్ద సేవేమీ లేదు. రెండు మూడేళ్ళకోసారి కుండీ మార్చాలి, అంతే. ఆ ఒక్క పని కుదిరితే మొక్క మళ్ళీ పడుచుదవుతుంది. చెడితే మూడు వారాల్లో కుళ్ళిపోతుంది. నా చేతుల్లో రెండూ జరిగాయి కాబట్టి ఇది రాస్తున్నాను. మేముండేది ఉత్తర వర్జీనియా, అంటే చలి తీవ్రతని బట్టి అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) చేసిన విభజనలో జోన్ 7. మీరు మిషిగన్‌లోనో టెక్సాస్‌లోనో ఉంటే నెలలు కాస్త అటూ ఇటూ జరుపుకోండి. మిగతాదంతా ఒకటే.

ముందు దీని స్వభావం తెలియాలి

హ్యూకెరాలన్నీ ఉత్తర అమెరికా సొంత మొక్కలు. జర్మన్ వైద్యుడు యోహాన్ హైన్రిక్ ఫాన్ హాయ్‌కర్ పేరు మీద లిన్నేయస్ ఈ పేరు పెట్టాడు. ఇక్కడివాళ్ళ నోట్లో అది హ్యూకెరా అయింది. ఎర్రపూల కోరల్ బెల్స్ అరిజోనా, న్యూమెక్సికో కొండలది. మా వైపు అడవుల్లో పెరిగేది హ్యూకెరా అమెరికానా. దాని వేరు పటికలా వగరుగా ఉంటుందని ఆలమ్‌రూట్ అంటారు, అంటే పటికవేరు. షెనండోవా కొండల్లో నడిచేటప్పుడు రాతి పగుళ్ళలో చూడండి: పిడికెడు ఆకుమట్టి పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. వాన పడితే నీళ్ళు క్షణాల్లో జారిపోయే చోటు అది. వేళ్ళకి చెమ్మ కావాలి, మొదలు మాత్రం ఎప్పుడూ గాలాడుతూ పొడిగా ఉండాలి. కుండీలో మనం చేయాల్సిందల్లా ఆ రాతి పగులుని తయారుచేయడమే.

ఇంకో సంగతి. ఏటా కింది ఆకులు ఎండి రాలిపోతాయి, కొత్తవి పైన పుడతాయి. అలా కాండం ఏడాదికి కాస్తంత చొప్పున పైకి లేస్తూ, మూడో ఏటికి కొంగమెడలా తయారవుతుంది: కింద బోసిగా చెక్కలాంటి మెడ, కొసన ఆకుల గుత్తి. కొత్తవేళ్ళు పుట్టాల్సిన ఆ మెడ గాల్లో ఉంటే వేళ్ళెలా దిగుతాయి? అందుకే వేళ్ళు కుండీ నిండా అల్లుకోకపోయినా, మెడ లేచిందంటే మార్చే వేళయినట్టే.

మిగతా గుర్తులు మీకు తెలిసినవే. అడుగు చిల్లుల్లోంచి వేళ్ళు బయటికొస్తాయి, పోసిన నీళ్ళు అలాగే కిందికి కారిపోతాయి, పొద్దున తడిపినా మధ్యాహ్నానికి ఆకులు వేలాడతాయి.

ఎప్పుడు

ఉగాది అటూ ఇటూ. చలి తగ్గి, మొక్క నడిబొడ్డున మడతలు విప్పని చిన్న ఆకులు కనిపిస్తున్నప్పుడు మార్చితే వేళ్ళు ఇట్టే పాకుతాయి. అది దాటిపోతే వినాయక చవితి సందడి సద్దుమణిగాక సెప్టెంబరులో చేయండి. నేల గడ్డకట్టే లోపు కనీసం ఆరు వారాలు ఉండాలి. జూలై ఎండలో ముట్టుకోకండి. పూత మీద ఉండగా మార్చక తప్పకపోతే, మనసు రాయి చేసుకుని పూకాడలు మొదటికి కత్తిరించేయండి.

కుండీ, మట్టి

ఇప్పుడున్న కుండీ కన్నా రెండంగుళాలు వెడల్పు, అంతకు మించొద్దు. నర్సరీ వాళ్ళ గాలన్ కుండీ ఆరు, ఆరున్నర అంగుళాలు ఉంటుంది. దాన్నుంచి ఎనిమిదంగుళాల దానికి వెళ్ళండి. "ఎలాగూ పెరుగుతుందిగా" అని పిల్లలకి రెండు సైజులు పెద్ద చొక్కా కొన్నట్టు పద్నాలుగంగుళాల తొట్టి తెస్తే, వేళ్ళు చేరని మట్టి వారాల తరబడి తడిగానే ఉండిపోతుంది. కుళ్ళు అక్కడే మొదలవుతుంది. మట్టికుండీ త్వరగా ఆరుతుంది, ఈ మొక్కకి మంచిదే, కానీ చలికాలం బయటే వదిలేస్తే తడి గడ్డకట్టి పగులుతుంది. నేను ప్లాస్టిక్ కుండీలో నాటి, దాన్ని అందమైన పింగాణీ కుండీలో దించుతాను. వానాకాలంలో పింగాణీ దానిలో నీళ్ళు నిలవకుండా చూసుకోవాలి.

మన ఇళ్ళల్లో కుండీ అడుగున చితక్కొట్టిన పెంకులో గులకరాళ్ళో వేయడం తాతల నాటి అలవాటు. నీళ్ళు బాగా దిగుతాయని. ఇది వదిలేయమంటాను. గిన్నెలు తోమే స్పాంజి ఒకటి పూర్తిగా తడిపి అరచేతిలో బల్లపరుపుగా పట్టుకోండి, కాసేపటికి కారడం ఆగిపోతుంది. ఇప్పుడు దాన్నే నిలువుగా తిప్పండి: మళ్ళీ ధారగా కారుతుంది. మట్టి కూడా అంతే. ఎంత లోతుగా ఉంటే అంత బాగా నీరు వదులుతుంది, అడుగున మాత్రం ఎప్పుడూ ఓ తడి పొర పట్టి ఉంచుకుంటుంది. రాళ్ళు వేస్తే ఆ తడి పొర పోదు, రాళ్ళ మీదికి జరిగి వేళ్ళకి ఇంకా దగ్గరవుతుంది. చిల్లు లోంచి మట్టి జారుతుందనుకుంటే ఓ కాఫీ ఫిల్టర్ కాగితమో పాత దోమతెర ముక్కో పరవండి, చాలు.

మట్టి సంగతికొస్తే, పెరట్లోది మాత్రం తవ్వి పోయకండి. ఇక్కడి ఎర్ర బంకమన్ను కుండీలో ఇటుకలా గట్టిపడుతుంది. మామూలు పాటింగ్ మిక్స్ మూడు పాళ్ళు, పెర్లైట్ (తెల్లటి తేలికపాటి రాతి గుళికలు) ఒక పాలు, సన్నగా పొడిచేసిన పైన్ బెరడు ఒక పాలు కలపండి. పెర్లైట్ దుమ్ము గొంతులోకి పోతుంది, సంచీలోనే కాసిన్ని నీళ్ళు చిలకరించి అప్పుడు తీయండి. తేమ పట్టి ఉంచే గుళికలు కలిపిన మిక్స్ కొనొద్దు, ఈ మొక్కకి అది శత్రువు. ఎరువు కూడా ఇప్పుడు వద్దు. కలిపేటప్పుడు మట్టిని చేత్తో పిసికితే ముద్ద కట్టాలి, వేలితో తాకగానే విడిపోవాలి. సున్నుండ పిండి నెయ్యి చాలక విడిపోతుందే, అలాగ.

బయటికి తీయడం

ముందురోజే నీళ్ళు పోసి ఉంచండి. మరీ ఎండిపోయి మట్టి కుండీ అంచుని వదిలేసి ఉంటే బకెట్ నీళ్ళలో దించండి. బుడగలు రావడం ఆగాక తీసి, నీళ్ళు ఓడ్చండి. మర్నాడు కింద పాత పేపర్లు పరుచుకుని, ఎడమచేతి వేళ్ళ సందుల్లో మొక్క మొదలు ఇమిడేలా అరచేయి మట్టి మీద ఆనించి, కుండీ బోర్లించి అడుగున తట్టండి. రాకపోతే కుండీ పక్కలు నొక్కండి. ఆకులు పట్టుకుని లాగొద్దు. ఆ మెడ చూడ్డానికి చెక్కలా ఉంటుంది కానీ పెళుసు, పుటుక్కున విరుగుతుంది.

ఇప్పుడు తొందరపడకుండా వేళ్ళముద్దని వెలుతుర్లో తిప్పి చూడండి. గోధుమరంగులో, తెల్లటి కొసలతో, లాగితే నిలిచేవి బతికున్న వేళ్ళు. నల్లబడి, రెండువేళ్ళ మధ్య నలిపితే పైతోలు ఊడొచ్చేవి చచ్చినవి, వాటిని కత్తిరించేయండి. నర్సరీ మొక్క అయితే ముద్ద నడుమ వేరే రంగులో చిన్న పీట్ (చివికిన నాచు) గడ్డ ఒకటి దొరుకుతుంది, దాని చుట్టూ ఒక్కోసారి వలలాంటి సన్నటి గుడ్డ కూడా ఉంటుంది. గుడ్డ చింపేయండి. ఆ గడ్డ ఒకసారి ఎండితే మళ్ళీ నీరు పీల్చదు. చుట్టూ మట్టి తడిగానే ఉన్నా మొక్క దాహంతో వాడిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. వేళ్ళతో మెల్లగా విడదీసి, సగమైనా రాలగొట్టండి. గుండ్రంగా చుట్టుకున్న వేళ్ళని మూడు నాలుగు చోట్ల నిలువుగా, అరంగుళం లోతున కోయండి. చేతులాడవు, తెలుసు. కోసిన చోటే కొత్తవి పుడతాయి.

పేపరు మీద రాలిన మట్టిని పారబోసే ముందు చేత్తో కెలికి చూడండి. ఒకసారి మా 'కారమెల్' రకం హ్యూకెరా ఎందుకో ఊగుతోందని పట్టుకుంటే, వేళ్ళే లేకుండా పైకి వచ్చేసింది. కుండీ మట్టిలో ఏడెనిమిది తెల్లటి పురుగులు, గోధుమరంగు తల, కాళ్ళు లేవు, సున్నా చుట్టబోయి సగంలో ఆపినట్టు ముడుచుకుని ఉన్నాయి. వైన్ వీవిల్ అనే ముక్కుపురుగు పిల్లలవి. హ్యూకెరా వేళ్ళంటే వీటికి ప్రాణం. తల్లిపురుగు నల్లగా ఉంటుంది, ఎగరలేదు, పగలు దాక్కుని రాత్రుళ్ళు ఆకు అంచుల్ని బస్ కండక్టర్ టికెట్ కొట్టినట్టు అర్ధచంద్రాలుగా కొరుకుతుంది. దీనిలో మగవే ఉండవు, ఒక్క ఆడది చాలు, వందల గుడ్లు పెడుతుంది. ఆకుల అంచున ఆ గాట్లు కనిపిస్తే రాత్రి పదింటికి ఫోన్ లైటు వేసుకుని వెళ్ళి ఏరి సబ్బునీళ్ళలో వేయండి.

మట్టిలో పురుగులు దొరికితే వేళ్ళని ట్యాపు కింద శుభ్రంగా కడిగి, పాత మట్టి మొత్తం సంచీలో కట్టి చెత్తలో పారేయండి, కంపోస్టులో వేయకండి. కుండీ వేడినీళ్ళతో తోమండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో మట్టి ఇంకా వెచ్చగా ఉండగా హెటెరోరాబ్డిటిస్ నెమటోడ్లు (పురుగుల్ని చంపే అతి సన్నటి నులిపురుగులు) తెప్పించి నీళ్ళలో కలిపి పోస్తే మిగిలిన వాటి పని అవి పడతాయి. అవి బతికున్న ప్రాణులు, కాబట్టి ప్యాకెట్ వచ్చాక ఆలస్యం చేయకుండా వాడాలి, మట్టి 12 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే పనిచేయవు. వేళ్ళు పోయిన నా 'కారమెల్' మెడని శుభ్రం చేసి పెర్లైట్‌లో గుచ్చితే మళ్ళీ వేళ్ళు వేసింది. కాబట్టి వేళ్ళు లేవని పారేయకండి.

విడదీయాలా వద్దా

దుబ్బులో మూడు నాలుగు పిలకలు ఉంటే విడదీయొచ్చు. చామంతి పిలకలు తీసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. పాత బ్రెడ్ కత్తిని స్పిరిట్‌తో తుడిచి, ప్రతి ముక్కకీ ఒక ఆకుల గుత్తి, కొన్ని వేళ్ళు వచ్చేలా కోయండి. వేళ్ళు రాని ముక్కలకి మెడ రెండంగుళాలు ఉంచి, పై మూడు నాలుగు లేత ఆకులు తప్ప అన్నీ తీసేసి, సగం పెర్లైట్ కలిపిన మట్టిలో నీడన పెట్టండి. నెలా నెలన్నరలో పట్టుకుంటాయి.

ట్యాగు మీద పేటెంట్ నంబరో, పీపీఏఎఫ్ (పేటెంట్‌కి దరఖాస్తు చేశారని) అనో ఉంటే ఆ రకాన్ని అనుమతి లేకుండా ముక్కలు చేసి పెంచకూడదు. కొత్త రకాలు చాలావరకు అవే. 'ప్యాలెస్ పర్పుల్'కి ఆ బెడద లేదు. లండన్ క్యూ గార్డెన్స్ నుంచి వచ్చిన పాత రకం అది, 1991లోనే ఇక్కడి పెరెనియల్ ప్లాంట్ అసోసియేషన్ దాన్ని ఆ ఏటి మొక్కగా ఎంచింది. మా వీధిలో దాని పిలకలు నాలుగిళ్ళకి చేరాయి.

నాటడం: అసలు కిటుకు ఇక్కడే

కుండీలో సగానికి మట్టి పోసి, నడుమ సంక్రాంతి గొబ్బెమ్మంత గుట్ట చేయండి. దాని నెత్తిన మొక్కని కూర్చోబెట్టి వేళ్ళని చుట్టూ కిందికి జార్చండి. ఇప్పుడు ఎత్తు చూసుకోవాలి. బోసిగా ఉన్న మెడ మొత్తం మట్టిలో ఉండాలి. లేత ఆకులు ముడుచుకుని పుట్టే చోటు, దాన్నే తల అనుకోండి, అది మట్టికి పైన ఉండాలి. పీకల్లోతు మునగాలి, తల మాత్రం మునగకూడదు.

మొదటిసారి నేను చేసిన తప్పు ఇదే. చిన్నప్పుడు అమ్మ బంతి నారు లోతుగా నాటడం చూసిన చేయి కదా, ఆకుకాడలు సగం మునిగేదాకా మట్టి పోసి గట్టిగా అదిమాను. మొక్క నిటారుగా నిలబడితే ముచ్చటేసింది. మూడో వారం నడిమధ్య ఆకు పట్టుకుంటే ప్రతిఘటనే లేకుండా చేతిలోకొచ్చింది. కాడ మొదలు గోధుమరంగు జిగురు, మురిగిన ఉల్లిపాయ వాసన. అప్పటికి చేయడానికి ఏమీ మిగల్లేదు.

కొలత కోసం ఓ చాప్‌స్టిక్ కుండీ అంచుల మీద అడ్డంగా పెట్టండి. తల ఆ పుల్ల కన్నా ఓ అరంగుళం కిందుండాలి. మట్టి అంచుకి అంగుళం దిగువన ఆగాలి, నీళ్ళు పోయడానికి చోటు. మొదటి తడికి మట్టి ఇంకో పావో అరో అంగుళం కుంగుతుంది, మొక్క కూడా దానితోపాటు దిగుతుంది, కాబట్టి మొదట్లో కాస్త ఎత్తుగా ఉన్నా పరవాలేదు. మెడ మరీ పొడుగైతే మొక్కని ఏటవాలుగా పడుకోబెట్టి నాటండి, తల మధ్యకొచ్చేలా. వారం పది రోజుల్లో ఆకులు వెలుతురు వైపు తిరిగి సర్దుకుంటాయి.

చుట్టూ మట్టి పోస్తూ అదే చాప్‌స్టిక్‌తో వేళ్ళ సందుల్లో పొడుస్తూ దింపండి. బొటనవేళ్ళతో అదిమి గట్టిచేయకండి, గాలి పోతుంది. మట్టి పొరపాటున ఆకుల మధ్య పడితే ఊదేయండి. అప్పుడు సన్నటి ధారతో, అంచు వెంబడి, తల తడవకుండా, అడుగు చిల్లులోంచి కారేదాకా పోయండి. ఆగి, ఓ పది నిమిషాలకి మళ్ళీ పోయండి. సాసర్‌లో నిలిచిన నీళ్ళు పారబోయండి.

తర్వాత పది రోజులు

ఆకులు వేలాడతాయి. భయపడి రోజూ నీళ్ళు పోయకండి, మార్చిన మొక్కలు చచ్చేది ఎక్కువగా ఆ ప్రేమ వల్లే. నీడన పెట్టి, వేలు మొదటి కణుపు దాకా గుచ్చి చూడండి. పొడిగా ఉంటేనే నీళ్ళు. పాత ఆకులు ఒకటి రెండు పండిపోయినా లెక్కచేయకండి, చూడాల్సింది నడిబొడ్డున ఉన్న చిన్న ఆకుని. అది విచ్చుకుంటుంటే అన్నీ బాగున్నట్టే. మూడు వారాలకి ఒక ఆకుకాడ పట్టుకుని సుతారంగా పైకి లాగండి. మొక్క వెనక్కి లాగితే వేళ్ళు దిగాయి.

అప్పుడు పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ ఉండే చోటికి మార్చండి. ముదురురంగు ఆకులు కాస్త ఎండ ఓర్చుకుంటాయి, పసుపు, లేతాకుపచ్చవి మాడిపోతాయి. ఎండా ఉక్కా ఎక్కువున్న జార్జియా, కరోలినాల వాళ్ళు 'కారమెల్' లాంటి, హ్యూకెరా విల్లోసా అనే జాతి నుంచి వచ్చిన సంకరాలు ఎంచుకుంటే మేలు. ఎరువు నెలా నెలన్నర తర్వాత, అదీ ప్యాకెట్ మీద రాసిన దాంట్లో సగం. హైదరాబాద్ బాల్కనీలో పెట్టొచ్చా అని మా చెల్లెలు అడుగుతూ ఉంటుంది. మే నెల మిద్దె ఎండకి ఇది ఆగే మొక్క కాదు, నేనైతే ప్రోత్సహించను.

చలికాలం ఒక్క జాగ్రత్త. కుండీలో వేళ్ళకి నేల కాపు ఉండదు, అందుకని ఇంటి గోడ వారకి జరపండి. ఆకులు చలికి వాలిపోయినా అప్పుడే కత్తిరించకుండా మార్చి దాకా ఉంచండి, తలకి అవే దుప్పటి. మంచు గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టే ఫిబ్రవరిలో మట్టి ఉబ్బి మొక్కని పైకి తోస్తుంది. పొద్దున కాఫీ కప్పుతో బయటికెళ్ళినప్పుడు చూసి, మెడ బయటపడి ఉంటే చుట్టూ గుప్పెడు మట్టి వేయండి.

మార్చిన తేదీ, రకం పేరు ప్లాస్టిక్ పట్టీ మీద పెన్సిల్‌తో రాసి కుండీ అంచున గుచ్చండి. మార్కర్‌తో రాస్తే ఒక్క వేసవికే వెలిసిపోతుంది. 2021లో నేను పెన్సిల్‌తో రాసిన పట్టీ ఇంకా చదవొస్తోంది.